ఒరిగి నిలబడాల్సిన స్తంభం

అనకాపల్లి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ నుంచి ఇద్దరు పిల్లలు మొన్న మా ఇంటికొచ్చారు. కాలేజీ పత్రికకి నా ఉద్యోగ అనుభవాలు రాసివ్వమని అడిగారు. చదివినవాళ్లకి ఈ రంగంలోకి రావాలన్న ఉత్సాహం కలగాలిట. కాఫీ ఇచ్చి, రాస్తానన్నాను. ఉత్సాహం సంగతి మాత్రం మాట ఇవ్వలేదు. వాళ్ల కాలేజీలో జరిగిందే ఇందులో ఎక్కువ ఉంది కాబట్టి బహుశా వేసుకోరు. వేసుకోకపోయినా నేనేమీ అనుకోను.

నేను చేసిన పని ఇనప కట్టడాలు డిజైన్ చేసి నిలబెట్టించడం. పరవాడలోనో అచ్యుతాపురంలోనో పొద్దున్నే కంపెనీ బస్సు దిగగానే మీకు కనిపించే పైపుల వంతెనలు, ట్యాంకుల కింద కాళ్లు, చిమ్నీల చుట్టూ మెట్లు, వాటిలో కొన్ని నావి. వాటి వంక ఎవరూ చూడరు. చూడకపోవడమే మంచిది. జనమంతా ఆగి మా కట్టడం వంక తలెత్తి చూస్తున్నారంటే ఏదో జరిగిందని అర్థం. ప్రమోషన్లూ బదిలీలూ రాయను. అవి అందరికీ ఒకేలా ఉంటాయి, చదివేవాళ్లకి విసుగు.

పట్నాయక్ గారి ప్రశ్న

ఉద్యోగంలో చేరిన కొత్తలో నా పైన పట్నాయక్ గారని ఒక ఇంజనీరు ఉండేవారు. మాట తక్కువ, కోపం ఎక్కువ. పరవాడ దగ్గర ఒక ప్లాంటులో బరువైన పైపులు పైకెత్తడానికి ఒక టవర్ కావలసి వచ్చింది. పని అయ్యాక విప్పేసేది. కిందా మీదా పడి డిజైన్ చేసి, లెక్కలన్నీ తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన వాటి వంక చూడలేదు.

"ఇది పడితే ఎటు పడుతుంది?" అని అడిగారు.

పడదండీ అన్నాను. పడకుండానే కదా డిజైన్ చేశాను. ఆయన కాగితాలు నా వైపు తోసేసి, పడదని నీ లెక్క చెబుతోంది, పడితే ఎటు పడుతుందో నువ్వు చెప్పు అన్నారు. నాకు ఒళ్లు మండింది. అయినా సైటుకెళ్లి చూశాను. అది పడగల వైపున ఒకాయన కూలీల కోసం నడిపే టీ పాక ఉంది. ఆ పాక అక్కణ్ణించి తీసేదాకా పట్నాయక్ గారు టవర్ లేపనివ్వలేదు. పాక గేటు అవతలికి పోయింది, బేరం పడిపోయింది. ఆ టీ పాకాయన మేం కనిపించినప్పుడల్లా మాకు వినపడేలా తిట్టేవాడు. టవర్ పడలేదు. పని అయ్యాక విప్పి లారీలో వేసుకుపోయారు. ఆ పాకాయన దృష్టిలో మేం ఊరికే ఒకడి పొట్ట కొట్టినవాళ్లం. కాదని చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు.

ఈ వృత్తిలో అసలు బాధ ఇదే. డాక్టరు జ్వరం తగ్గిస్తే తగ్గిందని రోగికి తెలుస్తుంది. మేం ఆపిన ప్రమాదం ఎవరికీ కనిపించదు. కనిపించేదల్లా మేం ఆపిన పని. దానికే మమ్మల్ని తిడతారు, అది న్యాయంగానే ఉంటుంది.

తర్వాత వచ్చిన ఇంకో బాసు పేరు చెప్పను. ఏం చూపించినా సరేననేవాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు, కాంట్రాక్టర్లకి దేవుడు. ఆయన హయాంలోనూ ఏమీ పడలేదు. రిటైరైన రోజున దండలేసి, మేళంతో ఇంటిదాకా దింపి వచ్చారు. పట్నాయక్ గారు రిటైరైన రోజున కాంటీన్ నుంచి మిక్చరు పొట్లాలొచ్చాయి, అంతే. సమర్థుడికీ అదృష్టవంతుడికీ తేడా బయటివాళ్లకి తెలియదు. చాలాసార్లు వాళ్లకే తెలియదు. ఈ రంగంలోకి వచ్చేవాళ్లు ఈ మాట ముందే విని రండి.

రాకెట్ పిల్లలు

నేను రిటైరై ఖాళీగా ఉన్నానని తెలిసి ఆ కాలేజీ రాకెట్ క్లబ్బు పిల్లలు వచ్చారు. వాళ్ల లీడరు నూకరత్నం. మెకానికల్ ఆఖరి సంవత్సరం. పూడిమడక వైపు సముద్రం మీద బతికే కుటుంబం వాళ్లది. తండ్రి వేటకెళతాడు. తల్లి పోలమ్మ చేపల తట్టతో బస్సెక్కి అనకాపల్లి వచ్చి మా వీధుల్లో అమ్ముతుంది. చాలాకాలంగా మేం చేపలు ఆవిడ దగ్గరే కొంటాం. కూతురు రాకెట్ చేస్తోందని నాకు మొదట చెప్పింది ఆవిడే. దీపావళి సామాను సంగతేమో అనుకున్నాను.

కాదు. నిజం రాకెట్టే. మనిషి కంటే కాస్త ఎత్తు. దానికి మందు నింపిన మోటారు ఎవరిస్తారో, పైకెళ్లాక పారాచూట్ ఎలా విచ్చుకోవాలో, ఎంత ఎత్తుకి వెళ్లిందో ఎలా కొలవాలో అన్నీ ఆలోచించుకున్నారు. అది దేని మీంచి ఎగరాలో మాత్రం ఆలోచించలేదు. స్టాండే కదా, ఏదో ఒక పైపు పాతితే సరిపోదా అని ఒకబ్బాయి అడిగాడు. నాకు నవ్వొచ్చింది. ఎక్కడికెళ్లినా మా పని గతి ఇంతే.

కూర్చోబెట్టి చెప్పాను. వదిలిన క్షణంలో రాకెట్ నెమ్మదిగా ఉంటుంది. దాని రెక్కలకి గాలి పట్టు చిక్కేంత వేగం వచ్చేదాకా అది ఎటైనా తిరగొచ్చు. అంతదాకా దాన్ని చెయ్యి పట్టి నడిపించేది స్టాండే. అందుకని ఒక పొడుగాటి ఇనప స్తంభం కావాలి. దానికి ముందువైపు గాడి ఉన్న అల్యూమినియం పట్టీ. రాకెట్ ఒంటికి రెండు గుండీలుంటాయి, అవి ఆ గాడిలో జారుతూ పైకి పోతాయి. స్తంభం అడుగున తలుపు బందు లాంటి పెద్ద బందు. స్తంభాన్ని పడుకోబెట్టి రాకెట్ ఎక్కించి, మళ్లీ లేపి, వెనక కాలు సాయంతో కావలసిన వాలులో బిగించాలి.

వాలు ఎందుకని రత్నం అడిగింది. పట్నాయక్ గారి ప్రశ్న ఆ పిల్లకి చెప్పాను. ఎగరేసే చోటు కాలేజీ వెనకున్న బీడు. దానికి సముద్రం వైపున రోడ్డు, జనం కూర్చునే చోటు. రెండో వైపు గడ్డి తప్ప ఏమీ లేదు. సముద్రం గాలి మొదలైందంటే రాకెట్ ముక్కు గాలికి ఎదురు తిరుగుతుంది, అంటే జనం వైపు. స్తంభాన్ని బీడు వైపు కాస్త వాల్చి నిలబెడితే, ఏ తేడా జరిగినా అది గడ్డిలో పడుతుంది.

"అంటే పడితే ఎటు పడాలో ముందే మనం సెప్పేత్తన్నామన్నమాట" అంది రత్నం.

నా ఉద్యోగంలో ఇంత తొందరగా ఈ సంగతి అందుకున్నవాళ్లు లేరు. నేనే అందుకోలేదు. ఆ సాయంత్రం ఇంటికి నడిచొస్తుంటే చాలా సంతోషంగా ఉంది. దీంట్లో సంతోషం అని రాసే చోటు ఇదొక్కటే.

ఆ పిల్లకి ఇది సరదా కాదు. రాకెట్ ఎగిరి, ఎంత ఎత్తుకి వెళ్లిందో రికార్డు చూపిస్తే పై చదువుకి తీసుకుంటామని ఒక పెద్ద సంస్థ వాళ్లు చెప్పారు. ఆకాశంలోకి వదలడానికి తిరగ్గా తిరగ్గా ఒకే ఒక్క ఉదయానికి అనుమతి దొరికింది. అది తప్పితే కాలేజీ చదువు అయిపోతుంది, ఉద్యోగం వెతుక్కోవాలి. తండ్రి వేటలో సంపాదించింది ఇంజిన్ డీజిలుకే సరిపోతోందని నాకు పోలమ్మ మాటల్లో తెలుసు.

అప్పలరాజు గుండు

స్తంభం చేయడానికి అప్పలరాజుని పిలిచాను. నాతో సైట్లన్నీ తిరిగిన గ్యాంగు మేస్త్రి. ఇనుము నిలబెట్టడంలో అతనికి సాటి లేదు. దారానికి కట్టిన తూకం గుండు ఎప్పుడూ అతని జేబులో ఉంటుంది. ఎక్కడ స్తంభం లేపినా పక్కన గుండు వేలాడదీసి, నిటారుగా ఉందా లేదా అని ఒక కన్ను మూసి చూసేవాడు. వెంట్రుకవాసి తేడా ఉన్నా విప్పించి మళ్లీ లేపించేవాడు. ఆ పిచ్చి నేనంటించిందే. వంకర స్తంభం ఉన్న సైట్లో మనకి అన్నం సహించకూడదు అని గ్యాంగుకి చెబుతుండేవాణ్ణి.

వాలు డ్రాయింగులో వేశాను, నోటితోనూ చెప్పాను. చెప్పినట్టే నిలబెట్టాడు. కానీ మనసు ఒప్పుకోలేదుట. రోడ్డు మీద పోయేవాళ్లు సైకిల్ ఆపి, పడిపోతోందేమో చూసుకోండి అని చెప్పి పోయేవారుట. మేస్త్రికి చూపు తగ్గిపోయింది బావా అని గ్యాంగులో వాళ్లే ఒకరితో ఒకరు అనుకుని నవ్వుకున్నారుట.

నేను ఆ సమయానికి మా ఆవిడ కంటి ఆపరేషనుకి విశాఖపట్నం వెళ్లాను. సరిగ్గా అప్పుడే కాలేజీ కరస్పాండెంట్, అంటే యజమాని, ఏర్పాట్లు చూడ్డానికి బీడులోకి వచ్చాడు. ముఖ్య అతిథి వెనకాల స్తంభం ఒరిగిపోయి ఉంటే ఫొటోలో ఏం బాగుంటుంది, శుభమా అని అప్పలరాజుతో అన్నాడు. అప్పలరాజుకి అసలే లోపల పీకుతోంది. జేబులోంచి గుండు తీశాడు.

జరిగిన తప్పు ఇంతే. లంచం లేదు, నాసిరకం ఇనుము లేదు, తాగి పనికొచ్చినవాడు లేడు. ఎవరికి తెలిసిన మంచి పని వాళ్లు చేశారు. దుర్మార్గుల వల్ల పని చెడితే కనీసం కోపం తెచ్చుకోవడానికి ఒకడుంటాడు.

ఆ ఉదయం

మా ఆవిణ్ణి విశాఖపట్నంలోనే వాళ్ల చెల్లెలింట్లో ఉంచి, తెల్లవారుతూనే బయల్దేరి నేరుగా బీడుకి వచ్చాను. దూరం నుంచే స్తంభం కనిపించింది. వెండి రంగు కొట్టారు, పైన కాలేజీ జెండా కట్టారు. నిట్టనిలువుగా ఉంది. ముందు నా కంటికి హాయిగానే అనిపించింది. అలవాటు అలాంటిది. కాస్త ముందుకి నడిచాక కాళ్లు ఆగిపోయాయి.

దగ్గరికెళ్లి చూస్తే అడుగున బందు చుట్టూ వెల్డింగు. వెనక కాలుకీ వెల్డింగు. వంక పెట్టడానికి లేని వెల్డింగు. స్తంభం పడుకోదు కాబట్టి పిల్లలు నిచ్చెనేసుకుని, రాకెట్ని పై కొస నుంచి గాడిలోకి దించేశారు. ఇలా నిటారుగా పెట్టమన్నది నేనేనా అని అడగడానికి నాకు ఫోన్ చేస్తూనే ఉన్నారుట. ఆసుపత్రిలో కట్టేసిన ఫోను మళ్లీ తెరవడం నాకు తోచలేదు.

అప్పలరాజు నవ్వు మొహంతో ఎదురొచ్చాడు.

"వంకరగా ఉంటే మీ పేరు పోతాది సార్. గుండేసి సరి సేసేను. గాలికి కదలకుండా వెల్డింగు కొట్టించేను" అన్నాడు.

ఒరిగించమని చెప్పానే గానీ, ఎందుకో రత్నానికి చెప్పినట్టు అతనికి చెప్పలేదు. అప్పుడు చెప్పాను. వింటుంటే అతని మొహంలో రంగు దిగిపోయింది. కొత్తగా వచ్చేవాళ్లకి నేనివ్వగల సలహా ఏదైనా ఉంటే ఇదొక్కటి: బోల్టు బిగించేవాడికి ఏం చేయాలో చెప్పి ఊరుకోకండి, ఎందుకో కూడా చెప్పండి.

వెల్డింగు కోయాలంటే గ్యాస్ మంట పెట్టాలి. మందు నింపిన రాకెట్ పక్కన మంట పెట్టలేం. దాన్ని దింపి, దూరం పంపించి, కోసి, బందు సరిచేసి, మళ్లీ నిలబెట్టేసరికి పూట దాటిపోతుంది. అనుమతి ఆ పూటకే. పొద్దున్న గాలి లేదు. అప్పుడే వదిలేస్తే ఏమో, నేనూ ధైర్యం చేసేవాణ్ణేమో. ముఖ్య అతిథి వచ్చేదాకా ఆగాలన్నారు. ఆయన కారు వచ్చేసరికి సముద్రం గాలి మొదలై షామియానా అంచులు టపటపా కొట్టుకుంటున్నాయి. ముందు వరసల్లో చప్పట్ల కోసం బడిపిల్లల్ని కూర్చోబెట్టారు. వాళ్ల వెనక పోలమ్మ, ఆవిడ భర్త కొత్త బట్టలు కట్టుకుని కూర్చున్నారు.

స్టాండు బాగుందని నేను చెప్పందే రాకెట్ వదిలే మీట నొక్కకూడదని మొదట్లోనే అనుకున్నాం. నేను వద్దన్నాను.

కరస్పాండెంట్ మర్యాదగానే మాట్లాడాడు. "నిటారుగా ఉంటే తప్పేంటి మాస్టారూ? రాకెట్ పైకే కదా వెళ్లాలి?" అన్నాడు. గాలి సంగతి, జనం సంగతి, వాళ్లని లేపి పంపినా అటే రోడ్డుందన్న సంగతీ చెప్పాను. కారు వైపు చూస్తూ విన్నాడు. చివరికి, మీరలా పక్కన నిలబడండి చాలు, మీట మా పిల్లలే నొక్కుతారు అన్నాడు.

రత్నం నా దగ్గరికి వచ్చింది. మీట పెట్టె తాళంచెవి చేతిలో ఉంది.

"ఇప్పుడు వదిలితే ఏటవుతాది సార్?"

"ఏమీ అవకపోవచ్చమ్మా."

"మరి?"

"అవదని నేను చెప్పలేను."

ఆ పిల్ల షామియానా వంక చూసింది. బడిపిల్లలు జెండాలు ఊపుతున్నారు. తాళంచెవి నా చేతిలో పెట్టి, నిచ్చెన తెమ్మని తన జట్టుకి చెప్పింది. ఎవరూ ఎదురు చెప్పలేదు. రాకెట్ జాగ్రత్తగా దించి పడుకోబెట్టాక దాని పక్కనే నేల మీద కూర్చుని ఏడ్చింది. నేను పక్కన నిలబడ్డాను.

పోలమ్మ వచ్చి కూతురి తల మీద చెయ్యి వేసి నన్నడిగింది. "ఇంకెప్పుడెగురుతాది బాబూ?"

తొందర్లోనే అన్నాను. అది అబద్ధమని నాకప్పుడే తెలుసు.

శాలువా

కార్యక్రమం ఆగలేదు. జ్యోతి వెలిగించారు, కొబ్బరికాయ కొట్టారు, ఉపన్యాసాలిచ్చారు. మోటారు తీసేసిన రాకెట్ని స్తంభానికి ఆనించి పక్కన ముఖ్య అతిథిని నిలబెట్టి ఫొటోలు తీశారు. నాకు శాలువా కప్పారు. ఎందుకు కప్పుతున్నారో కప్పేవాళ్లకీ తెలియదు. మర్నాడు పేపర్లో ఫొటో పడింది. స్తంభం నిటారుగా, చాలా బాగా వచ్చింది.

మోటారు ఇచ్చినవాళ్లు దాన్ని వెనక్కి తీసుకుపోయారు. మళ్లీ అనుమతికి పెట్టడానికి కరస్పాండెంట్ ఒప్పుకోలేదు. క్లబ్బు గదిలో ఇప్పుడు ఇంటర్వ్యూలకి శిక్షణ ఇస్తున్నారు. రికార్డు లేదు కాబట్టి పై చదువుకి ఇంకెవర్నో తీసుకున్నారు. రత్నం అచ్యుతాపురంలో ఒక కంపెనీలో సేఫ్టీ విభాగంలో ట్రైనీగా చేరి కంపెనీ బస్సెక్కింది. స్తంభం ఇంకా అక్కడే ఉంది. ర్యాంకులొచ్చిన పిల్లల ఫ్లెక్సీ దానికి కడతారు. ఈమధ్య గాలివానకి కాలేజీ షెడ్డు రేకులు లేచిపోయాయి గానీ స్తంభం కదల్లేదు. అప్పలరాజు పని అలాంటిది.

అతను మా ఇంటికి రావడం మానేశాడు. బెల్లం మార్కెట్ దగ్గర ఒకసారి ఎదురుపడితే పనులెలా ఉన్నాయని అడిగాను. "గుండు ముట్టుకోబుద్దవట్లేదు సార్" అన్నాడు.

ఆ రోజు ఎగిరి ఉంటే ఏమయ్యేదని నన్నెవరైనా అడిగితే నిజమే చెబుతాను. చాలావరకు ఏమీ అయ్యేది కాదు. తిన్నగా పైకెళ్లి, పారాచూట్ విచ్చుకుని, దూరంగా ఏ చెరుకు తోటలోనో దిగి ఉండేది. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. రత్నం ఇప్పుడు పై చదువులో ఉండేది. నేను ఆపింది ప్రమాదాన్నో, ఆ పిల్ల భవిష్యత్తునో ఎన్నటికీ తెలియదు. పట్నాయక్ గారికైతే టీ పాకాయన తిట్లతో సరిపోయింది.

పోలమ్మ

ఆ తర్వాత పోలమ్మ చేపలతో వచ్చినప్పుడల్లా ఒకే మాట అడిగేది, రాకెట్టు ఇంకెప్పుడు బాబూ అని. అందులో నిష్ఠూరం ఉండేది కాదు. వాన ఎప్పుడు పడుతుందని అడిగినట్టు అడిగేది. చూద్దాం పోలమ్మా అనేవాణ్ణి. చూడ్డానికి ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు. అయినా అడిగేది, నేనూ అదే చెప్పేవాణ్ణి.

మొన్నీమధ్య రత్నం పనిచేసే చోట ఒక పెద్ద ట్యాంకుకి రంగు వేయడానికి కాంట్రాక్టరు పరంజా కట్టాడు. దాని మీదికి మనుషులెక్కే ముందు ఆ పిల్ల చూసి సరేననాలి. చుట్టూ తిరిగి చూసి, ఇది పడితే ఎటు పడుతుంది అని అడిగిందిట. అటువైపు కాంటీనుకి నడిచే దారి ఉంది. ట్యాంకుకి బిగించి కట్టేదాకా ఒప్పుకోనంది. పైఅధికారి వచ్చి, తనే సరేనని పని నడిపించాడు. రంగు వేశారు, పరంజా విప్పేశారు. ఏమీ పడలేదు. వచ్చే నెల నుంచి రానక్కర్లేదని రత్నానికి చెప్పారు.

ఇదంతా పోలమ్మ మా గుమ్మంలో కత్తిపీట ముందేసుకుని, చేపలు కోస్తూ చెప్పింది. అమ్మాయి ఎలా ఉందని అడిగాను. గోడవైపు తిరిగి పడుకుంటోంది, అన్నానికి లేపితే లేస్తోంది అంది. నీ కూతురు చేసింది సరైన పనేనమ్మా అన్నాను. ఆవిడ తలూపింది. చేప తిప్పి రెండో వైపు పొలుసు గీకింది. తర్వాత తలెత్తకుండానే అంది.

"వద్దనడం మా పిల్లకి మీరే నేర్పేరంట బాబూ. మంచిదే. కూసింత సరేననడం కూడా నేర్పండి."

కోపంగా అనలేదు. ఎత్తిపొడుపూ కాదు. కూతురికి రాని పాఠం ఇంకోటి ఉంటే చెప్పమన్నట్టు, నిజంగానే అడిగింది. తట్ట నెత్తికెత్తుకుంటుంటే ఒక చెయ్యి వేశాను.

ఆ రోజు రాకెట్ ఎప్పుడెగురుతుందని ఆవిడ అడగలేదు. వీధి మలుపు తిరిగేదాకా అడుగుతుందేమోనని చూస్తూ నిలబడ్డాను. సరేననడం నాకెవరూ నేర్పలేదు. నాకు వచ్చిన మాట ఒక్కటే, దాన్ని తీసుకెళ్లి ఆ పిల్ల నోట్లో పెట్టాను.